ఐటీలో నిలదొక్కుకోవాలంటే ఎర్రర్ మెసేజ్ దగ్గర మొదలుపెట్టండి

"జావా నేర్చుకోమంటారా, పైథానా? క్లౌడ్ మంచిదా, డేటా మంచిదా? ఇప్పుడంతా ఏఐ అంటున్నారు, పోనీ అదే చేసేయమంటారా?" నేను ఐటీలో ఉన్నానని తెలిసినవాళ్లు మొదట అడిగేది ఇదే. సరైన కోర్సు పేరు తెలిస్తే చాలు, ఉద్యోగం దానంతట అదే వస్తుందని చాలామంది లెక్క. నేను సర్వర్లు కనిపెట్టుకుని ఉండే పనిలో చేరి, మెల్లగా అదే టీముకి కొత్తవాళ్లని ఎంపిక చేసే బాధ్యతలోకి వచ్చాను. ఇంటర్వ్యూకి వచ్చిన మనిషి ఏ కోర్సు చేశారో గది దాటేసరికి నాకు గుర్తుండదు. పనిచేయని ప్రోగ్రాం ఒకటి ముందు పెడితే ఏం చేశారన్నది మాత్రం గుర్తుంటుంది. తెర మీది ఎర్రర్‌ని చదివారా, లేక చదవకుండానే మళ్లీ రన్ కొట్టారా?

ఎందుకంటే ఈ రంగంలో రోజంతా సావాసం ఆగిపోయినవాటితోనే. కొత్త కోడ్ రాసే డెవలపర్ కూడా అది పాత కోడ్‌తో ఎందుకు పొసగడం లేదో వెతుకుతూ గంటలు గడుపుతారు. ఎక్కడ తేడా కొడుతుందో ముందే పట్టుకోవడం టెస్టర్ పని. నిన్నటిదాకా క్షణంలో వచ్చిన రిపోర్టు ఇవాళ ఎందుకు రావడం లేదన్నది డేటాబేస్ చూసేవాళ్ల గొడవ. అందుకే ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఒక్క సామర్థ్యం చుట్టూనే తిరుగుతుంది: ఏది ఎందుకు ఆగిందో కనుక్కోవడం. అది ఎలా అలవడుతుంది, అలవడిందని ఎదుటివాళ్లకి ఎలా తెలుస్తుంది, ఈ రెండే విషయాలు.

మీ కన్నా వయసులో పెద్దవాటితో మొదలుపెట్టండి

యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. ఆ తీరులోనే లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) విడుదల చేశాడు. డేటాని పట్టికల్లో పెట్టే రిలేషనల్ డేటాబేస్ ఆలోచనని ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురిస్తే, ఆ పట్టికల్ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ ఆ దశాబ్దంలోనే ఐబీఎంలో పుట్టింది. ఇంటర్నెట్‌కి ముందుతరమైన అర్పానెట్ 1983 జనవరి 1న టీసీపీ/ఐపీకి, అంటే ఇప్పటికీ కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతికి, మారింది. పేరు చెబితే ఐపీ అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ కూడా 1983 నాటిదే. ఇవాళ మీ ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా పని జరిగేది వీటి మీదుగానే.

మరోవైపు, ఒకప్పుడు వెబ్ అంతా తానై ఉన్న అడోబీ ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో నూకలు చెల్లాయి. అందులో బటన్లు ఎక్కడ ఉంటాయో మాత్రమే తెలిసినవాళ్లు మళ్లీ అక్షరాభ్యాసం చేసుకోవాల్సి వచ్చింది. ప్రోగ్రామింగ్ అర్థం చేసుకున్నవాళ్లకి అంత కష్టం కాలేదు. ఫ్లాష్‌లోని యాక్షన్‌స్క్రిప్ట్, బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ రెండూ ఈసీఎంఏస్క్రిప్ట్ అనే ఒకే ప్రమాణాన్ని అనుసరించినవే మరి.

కాబట్టి నా సలహా ఇది: నేర్చుకోవడానికి మీకున్న సమయంలో పెద్ద వాటా లినక్స్, నెట్‌వర్క్, ఎస్‌క్యూఎల్, గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే పనిముట్టు), ఒక ప్రోగ్రామింగ్ భాషకి ఇవ్వండి. మిగిలిందే ఈ ఏడాది అందరూ మాట్లాడుకుంటున్నదానికి. భాష ఏదన్న చర్చలో వారాలు పోగొట్టుకోకండి. పైథాన్ వచ్చింది 1991లో, జావా 1995లో. రెండూ మీ మొదటి ఉద్యోగం నాటికి ఎక్కడికీ పోవు. ఒకటి పట్టుకుని, చూడకుండా చిన్న ప్రోగ్రాం రాయగలిగేదాకా దాన్ని వదలకండి.

లినక్స్ నేర్చుకోవడం అంటే కమాండ్ల జాబితా బట్టీ పట్టడం కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందని అలారం వచ్చింది. డీఎఫ్ కమాండ్ కొడితే నూటికి నూరు శాతం నిండిందని చూపిస్తోంది. మీరు పెద్ద లాగ్ ఫైలు (ప్రోగ్రాం తను చేసినవన్నీ రాసుకునే చిట్టా) ఒకటి డిలీట్ చేశారు. డీయూ కమాండ్‌తో ఫోల్డర్లన్నీ కూడితే బోలెడు ఖాళీ ఉన్నట్టే లెక్క తేలుతోంది, డీఎఫ్ మాత్రం ఇంకా నిండిందనే అంటోంది. రెండూ నిజమే చెబుతున్నాయి. ఆ ఫైలుని ఏదో ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ఇంకా తెరిచి ఉంచింది. మీరు చెరిపింది ఫైలు పేరుని మాత్రమే. ఆ ప్రాసెస్ దాన్ని మూసేదాకా డిస్క్ మీద చోటు ఖాళీ కాదు. ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో ఆ ప్రాసెస్ ఏదో పట్టుకుని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది.

దీనికి చెల్లెలు లాంటి సమస్య ఇంకొకటి ఉంది. డిస్క్‌లో గిగాబైట్ల కొద్దీ ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, కొత్త ఫైలు రాయబోతే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంటుంది. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పోగుపడి, ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున కావాల్సిన ఐనోడ్లు అయిపోయి ఉంటాయి. డీఎఫ్‌కి మైనస్ ఐ తగిలిస్తే అది బయటపడుతుంది. ఈ రెండూ తెలిసినవాళ్లకి ఫైలు అంటే ఏమిటో, ప్రాసెస్ అంటే ఏమిటో తెలిసినట్టే. నేను ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడిగేది అందుకే.

నెట్‌వర్క్‌లో కూడా అంతే, లోతుగా ఒక తేడా తెలిస్తే పది బొమ్మలు బట్టీ పట్టినదాని కన్నా మేలు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వస్తే సాధారణంగా మీ మాట అవతలి మెషీన్ దాకా చేరిందని అర్థం, ఆ పోర్ట్‌లో (సర్వీస్‌కి కేటాయించిన తలుపు నంబరు లాంటిది) వినేవాళ్లెవరూ లేరు, అంతే. సర్వీస్ ఆగిపోయిందేమో, వేరే పోర్ట్‌లో నడుస్తోందేమో చూడాలి. 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అంటే జవాబే రాలేదు. రాకపోకల్ని వడపోసే ఫైర్‌వాల్ మింగేసిందేమో, దారి తప్పిందేమో, అసలు మెషీనే ఆగి ఉందేమో. మొదటిదాన్ని చూసి ఫైర్‌వాల్ టీముకి టికెట్ పెట్టేవాళ్లని, రెండోదాన్ని చూసి సర్వీస్‌ని పదే పదే రీస్టార్ట్ చేసేవాళ్లని నేను చాలామందిని చూశాను. పాపం, మెసేజ్ అప్పటికే సగం జవాబు చెప్పేసింది. వెబ్ ఎర్రర్లూ అంతే: 401 అంటే మీరెవరో తేలలేదు, 403 అంటే తేలినా అనుమతి లేదు, 502 అంటే ముందున్న సర్వర్‌కి వెనకున్నదాని నుంచి పనికొచ్చే జవాబు రాలేదు, 504 అంటే ఎంతసేపు చూసినా అసలు జవాబే రాలేదు.

ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు, గ్రూప్ బై అందరూ నేర్పుతారు. నల్, అంటే విలువ లేని గడి, దగ్గర మాత్రం ఆగి కూర్చోండి. 'నాట్ ఇన్' అని రాసిన సబ్‌క్వెరీ (క్వెరీ లోపలి క్వెరీ) ఫలితంలో ఒక్క నల్ ఉన్నా, మొత్తం క్వెరీ ఒక్క వరుస కూడా తిరిగివ్వదు, ఎర్రర్ కూడా రాదు. ఎర్రర్ ఇచ్చే తప్పుల కన్నా ఇలా నోరెత్తని తప్పులే ప్రమాదం. అలాగే వరుసల్ని త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్‌ని డేటాబేస్ ఎందుకు వాడుకుంటోందో, ఎందుకు వాడుకోవడం లేదో ఎక్స్‌ప్లెయిన్ అనే కమాండ్‌తో చూడటం అలవాటు చేసుకోండి. డిలీట్ కొట్టే ముందు అదే వేర్ షరతుతో సెలెక్ట్ కొట్టి ఎన్ని వరుసలు వస్తున్నాయో చూసుకోవడం కూడా.

గిట్ 2005 నాటిది, వీటిలో చిన్నది. కమిట్ (ఒక మార్పుని నమోదు చేయడం), బ్రాంచ్, మెర్జ్ వారంలో వచ్చేస్తాయి. ఆ తర్వాత బైసెక్ట్ నేర్చుకోండి. వెయ్యి కమిట్లలో ఏది కొంప ముంచిందో సగానికి సగం కోసుకుంటూ వెళ్తుంది కాబట్టి పది ప్రయత్నాల్లో తేలిపోతుంది. కోడ్ అర్థం కాకపోయినా ఏ మార్పు వల్ల సమస్య మొదలైందో చెప్పగలిగితే, కొత్తగా చేరిన మనిషికి టీములో ఆరోజే విలువ వస్తుంది.

పాడుచేసి నేర్చుకోవడం

వీడియోలు చూస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. చెప్పేవాళ్లు రిహార్సల్ చేసుకున్నారు, వాళ్ల మెషీన్లో అన్నీ పనిచేస్తాయి. మీరు నేర్చుకోవాల్సింది పనిచేయనప్పటి సంగతి కదా.

పాత ల్యాప్‌టాప్ ఉంటే అందులో, లేకపోతే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఒక మెషీన్ తయారుచేసి లినక్స్ వేసుకోండి. అందులో ఇంజినెక్స్ అనే వెబ్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, మీరు రాసిన చిన్న వెబ్ అప్లికేషన్, మూడూ కలిసి పనిచేసేలా పెట్టండి. ఇక్కడిదాకా ఎన్నో ట్యుటోరియల్స్ ఉన్నాయి. అసలు చదువు ఇక్కడినుంచి. మెషీన్ ఉన్న స్థితిని దాచే స్నాప్‌షాట్ తీసుకుని, చేజేతులా పాడుచేయండి. డేటాబేస్ ఆపేసి వెబ్ పేజీలో ఏ ఎర్రర్ వస్తుందో చూడండి. కాన్ఫిగ్‌లో డేటాబేస్ పోర్ట్ 5432 బదులు 5433 రాయండి. ఫైలు ఓనర్‌ని మార్చండి. పెద్ద ఫైలు సృష్టించి డిస్క్ నింపేయండి. పేర్లకి అడ్రస్‌లు రాసుకునే హోస్ట్స్ ఫైలులో తప్పు అడ్రస్ పెట్టండి. గడువు తీరిన సర్టిఫికెట్ తగిలించండి. ప్రతిసారీ తెర మీద ఏం కనిపించింది, లాగ్‌లో ఏం రాసి ఉంది, రెండూ నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. తర్వాత స్నేహితుల్లో ఒకరిని పిలిచి, మీరు బయటికి వెళ్లినప్పుడు ఏదో ఒకటి చెడగొట్టమనండి. ఏం చెడగొట్టారో చెప్పొద్దనండి. ఆ సాయంత్రం మీరు నేర్చుకునేది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

నోట్‌బుక్ అన్నాను కదా, అందులో నేను నాలుగు విషయాలు రాస్తాను: ఏం కనిపించింది, ఏమై ఉంటుందనుకున్నాను, ఏం చూశాను, చివరికి ఏమని తేలింది. రెండోది రాయడానికి బద్ధకిస్తాం. కానీ మన ఊహలు ఎటువైపు తప్పుతుంటాయో తెలిసేది దానివల్లే. నా మటుకు నాకు ప్రతిదానికీ ముందు నెట్‌వర్క్‌ని అనుమానించే జబ్బు ఉందని ఆ పేజీలు తిరగేస్తేనే తెలిసింది.

ఉచితంగా దొరికేవాటిలో హార్వర్డ్ వాళ్ల సీఎస్50 మొదటి మెట్టుకి చాలా బాగుంటుంది. కాలేజీల్లో చెప్పని షెల్ (కమాండ్లు కొట్టే తెర), ఎడిటర్, గిట్, డీబగ్గింగ్ లాంటివి ఎంఐటీ వాళ్ల 'మిస్సింగ్ సెమిస్టర్' పాఠాల్లో ఉన్నాయి. వెబ్ వైపు వెళ్లేవాళ్లకి ఫ్రీకోడ్‌క్యాంప్. ఒకేసారి ఒకటి చేయండి.

ఇంకో మంచి చదువు, పెద్ద సంస్థలు తమ సర్వీసులు కూలినప్పుడు బయటపెట్టే నివేదికలు. కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌ది చదవండి. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీర్ రెండో సర్వర్ అనుకుని ప్రధాన డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్ చెరిపేశారు. ఆపేలోపే సుమారు 300 జీబీ డేటాలో కొద్దిపాటి మాత్రమే మిగిలింది. బ్యాకప్ ఉంది కదా అనుకుంటే, వెర్షన్ తేడా వల్ల అది కొంతకాలంగా విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకి గురయ్యాయి. చివరికి సుమారు ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన కాపీ ఆదుకుంది. మనిషి పొరపాటు ఒక్క లైనే, దాని వెనక ఎన్ని పొరలు ఎప్పటినుంచో చెడిపోయి ఉన్నాయో ఆ నివేదికలో విప్పి చెప్పారు. ఇలాంటివి పది చదివితే పదేళ్ల అనుభవం రాదుగానీ, అనుభవం ఉన్నవాళ్లు ఏం అడుగుతారో తెలుస్తుంది.

మొదటి ఉద్యోగం ఏదైనా ఫరవాలేదా?

దాదాపుగా ఫరవాలేదు. డెవలపర్ ఉద్యోగం ఒక్కటే అసలు ఐటీ అనుకుని సపోర్ట్, టెస్టింగ్, హెల్ప్‌డెస్క్ అవకాశాలు వదులుకునేవాళ్లని చూస్తే నాకు కాస్త కోపమే వస్తుంది. హెల్ప్‌డెస్క్‌లో ఉన్నన్ని రకాల వైఫల్యాలు డెవలపర్ ఏళ్ల తరబడి చూడరు. ప్రమాదం ఒకటుంది: రాసిచ్చిన స్క్రిప్ట్ చదివి టికెట్ మూసేసే యంత్రంలా మిగిలిపోవచ్చు. నెలలు గడిచినా కొత్త రకం సమస్య ఒక్కటీ ఎదురుకాలేదంటే అక్కడినుంచి కదలాల్సిన సమయం వచ్చినట్టు. ఈలోపు ఒకే ఫిర్యాదు పదేపదే వస్తుంటే దాన్ని తీర్చే చిన్న స్క్రిప్ట్ రాయండి. సపోర్ట్ నుంచి డెవలప్‌మెంట్‌కి వెళ్లినవాళ్లు చాలామంది ఆ దారినే వెళ్లారు.

సెక్యూరిటీలోకి నేరుగా రావాలనుకునేవాళ్లకి మాత్రం నా మాట వేరు. ఏది మామూలుగా ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాన్ని ఎలా దుర్వినియోగం చేస్తారో అర్థం కాదు. ముందు సిస్టమ్స్ గానీ నెట్‌వర్క్ గానీ కొన్నాళ్లు చూడండి. డేటా సైన్స్ అన్నవాళ్లు కూడా ఎస్‌క్యూఎల్ రాస్తూ, చెత్త డేటా శుభ్రం చేస్తూ ఎక్కువ కాలం గడపాల్సి ఉంటుందని తెలుసుకునే రండి.

సర్టిఫికెట్ల సంగతి క్లుప్తంగా: అనుభవం ఏమీ లేనప్పుడు ఒక్కటి పనికొస్తుంది, రెజ్యూమెని మొదటి వడపోత దాటిస్తుంది. నెట్‌వర్క్‌కి సిస్కో సీసీఎన్ఏ అయినా, లినక్స్‌కి రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ అయినా మూడేళ్లకి గడువు తీరిపోతాయి. వాటిలో ఆర్‌హెచ్‌సీఎస్ఏ అంటే నాకు కొంచెం మక్కువ, ఎందుకంటే అది టిక్కులు పెట్టే పరీక్ష కాదు, నిజం మెషీన్ మీద పని చేసి చూపించాలి. ఐదారు సర్టిఫికెట్లు వరుసగా పేర్చిన రెజ్యూమె చూస్తే మాత్రం ఈ మనిషి పని ఎప్పుడు చేశారబ్బా అనిపిస్తుంది.

రెజ్యూమె, ప్రాజెక్టు

రెజ్యూమె ఒక పేజీ చాలు. స్కిల్స్ అన్న చోట ముప్పై పేర్లు రాసేవాళ్లకి నా అలవాటు చెబుతాను: నేను ప్రశ్నలు ఆ జాబితాలో చివరి పేరు నుంచి మొదలుపెడతాను. అది ఖాళీ పూరించడానికి రాసిందో, నిజంగా వాడిందో రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. పైన రాసినవి కూడా అదే లెక్కలో పోతాయి.

ప్రాజెక్టుల్లో చేయాల్సిన పనుల జాబితా, వాతావరణం చూపించే యాప్ ఇప్పటికే లెక్కలేనన్ని చూశాను. మీదొక్కటి ఉంటే చాలు, కానీ దాన్ని మీరు కాకుండా ఇంకొక మనిషి వాడాలి. తెలిసిన గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసుకునే ప్రోగ్రామే అనుకోండి. మీరు ఒక్కరే వాడినప్పుడు అది భేషుగ్గా ఉంటుంది. వాళ్ల చేతిలో పెట్టగానే ఒకరు తేదీని ముందు నెలతో రాస్తారు, ఇంకొకరు ముందు రోజుతో. ఒకే పేరున్న సభ్యులు ఇద్దరు తేలతారు. ఒకరు పుస్తకం పోగొట్టుకుంటారు, దానికి మీ టేబుల్లో చోటే లేదు. ఈ కష్టాలన్నిటికీ మీరేం చేశారన్నదే రెజ్యూమెలో రాయాల్సింది. "పైథాన్, పోస్ట్‌గ్రెస్ ఉపయోగించి లైబ్రరీ సిస్టమ్" అన్న వాక్యం కన్నా "ఒకే పేరున్న సభ్యుల రికార్డులు కలిసిపోతుంటే సభ్యత్వ సంఖ్యతో వేరుచేసి పాత డేటా సరిచేశాను" అన్న వాక్యం దగ్గర నేను ఆగుతాను, ఆ మనిషిని పిలుస్తాను.

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ప్రాజెక్టుల్లో, పెద్ద ఫీచర్ రాయాలన్న భయం అక్కర్లేదు. ఎవరో పెట్టిన బగ్ రిపోర్టుని మీ మెషీన్లో మళ్లీ తెప్పించి, ఏ వెర్షన్, ఏ వరుసలో ఏం చేశాను, ఏం రావాలి, ఏం వచ్చింది అని శుభ్రంగా రాసి పెట్టండి. ఆ ప్రాజెక్టు నడిపేవాళ్లు అంతకన్నా ఎక్కువగా కోరుకునేది దాదాపు ఏమీ ఉండదు. ఇంగ్లీషులో మాట్లాడాలంటే తడబడేవాళ్లకి కూడా ఇది మంచి సాధన. ఈ ఉద్యోగాల్లో చాలా భాగం రాతే. చిన్న వాక్యాల్లో స్పష్టంగా రాయగలిగితే యాస ఎలా ఉందని ఎవరూ పట్టించుకోరు.

అనుభవం లేకుండా ఉన్నట్టు రాయించుకునే పద్ధతి గురించి కూడా చెప్పాలి. అందులో నీతి సంగతి అటుంచండి, అసలు అది నిలవదు. "ఆ అప్లికేషన్ లాగ్‌లు ఎక్కడ ఉండేవి? రాత్రిపూట ఏం ఆగిపోతుండేది? ఎవరికి ఫోన్ చేసేవారు?" నిజంగా చేసినవాళ్లు ఈ ప్రశ్నలకి నవ్వుతూ కథలు చెబుతారు. చేయనివాళ్లు ఆర్కిటెక్చర్ బొమ్మ గీస్తారు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్ల జోలికి కూడా వెళ్లకండి.

ఇంటర్వ్యూలో

నాకిష్టమైన ప్రశ్న ఒకటే. "సైట్ తెరుచుకోవడం లేదని ఫోన్ వచ్చింది. ఏం చేస్తారు?" ఎక్కువమంది వెంటనే సర్వర్ రీస్టార్ట్ చేస్తామంటారు. ఒకసారి హెల్ప్‌డెస్క్ నుంచి వచ్చిన ఒకమ్మాయి, కంప్యూటర్ డిగ్రీ కూడా కాదు, నన్నే ఎదురు అడిగింది: "అందరికీనా, ఫోన్ చేసినవాళ్లకేనా? ఎప్పటినుంచి? ఈమధ్య ఏమైనా మార్చారా? తెరుచుకోవడం లేదంటే తెల్ల పేజీ వస్తోందా, ఎర్రర్ వస్తోందా, తిరుగుతూ ఉందా?" ఆ తర్వాత ఆమె చెప్పిన సాంకేతిక విషయాల్లో కొన్ని తప్పులున్నాయి. అయినా తీసుకున్నాం. అడగడం వచ్చినవాళ్లకి మిగతాది నేర్పడం తేలిక.

తెలియనిది తెలియదనండి, అక్కడ ఆగకండి. "తెలియదు, కానీ ముందు లాగ్‌లో ఈ సమయానికి ఏముందో చూస్తాను" అన్నది పూర్తి జవాబే. కోడింగ్ రౌండ్లలో డేటా స్ట్రక్చర్ల చిక్కుముళ్లు పెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. రోజువారీ పనికి వాటితో అంత సంబంధం లేదని నా అభిప్రాయం. నా అభిప్రాయంతో వాళ్లకి పనిలేదు కాబట్టి కొన్ని నెలలు రోజుకి ఒకటి చొప్పున సాధన చేయండి, చేసేటప్పుడు పైకి మాట్లాడుతూ చేయండి. మౌనంగా సరైన జవాబు రాసినవాళ్ల కన్నా, ఆలోచన వినిపిస్తూ ముప్పావు దాకా వచ్చినవాళ్లకి ఎక్కువ మార్కులు పడటం నేను చూశాను.

రిఫరల్ కోసం, అంటే సంస్థలో ఉన్నవాళ్లు మీ పేరు సిఫారసు చేయడం కోసం, తెలియనివాళ్లకి రాసేటప్పుడు "ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అని రాయొద్దు. ఏ ఉద్యోగం, దాని లింక్, అందులో అడిగినదానికి మీరు చేసిన పని ఏది సరిపోతుంది, నాలుగు లైన్లు. చదివినవాళ్లు ముందుకి పంపడమే తరువాయి అన్నట్టుండాలి.

చేరాక మొదటి ఏడాది

పాత టికెట్లు చదవండి. చేరిన వారంలో ఎలాగూ పెద్ద పనివ్వరు. ఏది తరచూ ఆగుతుంది, ఎవరికి ఏది తెలుసు, దేని జోలికి ఎవరూ వెళ్లరు, అన్నీ అందులోనే ఉంటాయి.

ఇరుక్కుంటే అరగంట సొంతంగా పోరాడి, ఆ తర్వాత అడగండి. చాట్‌లో "హాయ్" అని పెట్టి ఎదురుచూడటం, ఎర్రర్‌ని ఫొటో తీసి పంపడం, రెండూ సీనియర్లకి చిరాకు. ఏం చేయబోయాను, ఏం వచ్చింది, ఏమేం చూశాను అని టెక్స్ట్‌గా పెట్టండి. సగంసార్లు అలా రాస్తుండగానే మీకే దొరికిపోతుంది.

ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు నిజంగా వాడుతున్న సిస్టమ్‌లో, ఏది ముట్టుకున్నా ముందు దాన్ని వెనక్కి తిప్పే దారి రాసుకోండి. ప్రొడక్షన్ టెర్మినల్‌కి వేరే రంగు పెట్టుకోండి. గిట్‌ల్యాబ్ కథ చదివాక ఎందుకో నేను చెప్పక్కర్లేదు. లాగ్‌లోని సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) ఉందా, స్థానిక సమయంలోనా అన్నది చూసుకున్నాకే నిర్ధారణకి రండి.

ఏఐ సహాయకుల గురించి అడక్కుండా ఎవరూ వదలరు. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చినప్పటినుంచి నేనూ ఇలాంటివి వాడుతూనే ఉన్నాను. అర్థం కాని ఎర్రర్‌ని విడమర్చి చెప్పించుకోవడానికి, ఎప్పుడో మర్చిపోయిన సింటాక్స్ గుర్తుచేసుకోవడానికి హాయిగా ఉంటుంది. కానీ లేని ఆప్షన్‌ని, లేని ప్యాకేజీని ఉన్నట్టే ధీమాగా చెప్పేస్తుంది. అది ఇచ్చిన కోడ్‌లో ప్రతి లైనూ ఎందుకుందో మీరు చెప్పలేకపోతే దాన్ని కమిట్ చేయకండి. పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల డేటా అందులో అతికించకండి. ఒకప్పుడు కొత్తవాళ్లకి ఇచ్చే చిన్న చిన్న కోడింగ్ పనుల్లో కొన్ని ఇప్పుడు అదే చేస్తోంది, నిజమే. అది రాసినది ఎందుకు పనిచేయడం లేదో చెప్పగలిగే మనిషి మాత్రం ఇంకా కావాలి. పాడుచేసి బాగుచేయడంతో మొదలుపెట్టమన్నది అందుకే.

కొన్నేళ్ల తర్వాత

మీరు కట్టినది ఏదో ఒకరోజు ఆగిపోతుంది. అది ఆగేదాకానైనా ఒకచోట ఉండండి. ఏడాదికొకసారి సంస్థ మారుతూ వెళ్తే జీతం పెరగొచ్చు. కానీ మీ నిర్ణయాల ఫలితం మీ తర్వాత వచ్చినవాళ్లు అనుభవిస్తారు, మీకు తెలియదు. అలా ఎక్కువ ఏళ్ల అనుభవం రాసుకుని, మొదటి ఏడాదినే మళ్లీ మళ్లీ చేసినవాళ్లు ఇంటర్వ్యూలో దొరికిపోతారు. అలాగని నేర్చుకోవడం ఆగిపోయాక, జీతం కూడా ఆగిపోయాక మొహమాటంతో ఉండిపోవడం కూడా తప్పే. జీతం గురించి అడిగేటప్పుడు ఎంత కష్టపడ్డారో చెప్పకండి. మీరు చేరకముందు వారానికి ఎన్నిసార్లు ఆగేది, ఇప్పుడెన్నిసార్లు ఆగుతోందో చూపించండి. నోట్‌బుక్ రాసే అలవాటు ఉంటే ఆ లెక్కలు మీ దగ్గరే ఉంటాయి.

మేనేజర్ కావడం ప్రమోషన్ అనుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. అది వేరే ఉద్యోగం. మనుషుల గొడవలు, బడ్జెట్లు, మీటింగులు. సాంకేతికంగానే పైకి వెళ్లే దారి ఉన్న సంస్థలు ఉన్నాయి, చేరేముందే అడిగి తెలుసుకోండి.

ఆన్‌కాల్ (ఏదైనా ఆగితే ఏ వేళైనా ఫోన్ ఎత్తాల్సిన వంతు) ఉండే ఉద్యోగమైతే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: పోయిన నెలలో రాత్రిపూట ఎన్ని ఫోన్లు వచ్చాయి, రాత్రి మేలుకున్నవాళ్లకి మర్నాడు సెలవు ఉంటుందా? బాగా నడిచే టీముకి మొదటి ప్రశ్నకి అంకె రెడీగా ఉంటుంది. "అబ్బే, పెద్దగా రావండీ" అని దాటేశారంటే అక్కడ ఎవరూ లెక్కపెట్టడం లేదు. జీతం సంగతి మాట్లాడే ముందే ఆ టీములో ఇప్పుడు పనిచేస్తున్న మనిషితో ఒక అరగంట మాట్లాడించమని అడగండి.